రాజుగారి వెనక నిలబడ్డ ఆవిడ మొహం గురించి

గౌరవనీయులైన టీవీ కేంద్రం, సీరియళ్ళ విభాగం పెద్ద అధికారి గారి సముఖమునకు,

వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేయు తాత, ప్రస్తుతము తమరి రాజుల సీరియల్లో ముసలి రాజు, వ్రాసుకున్నది.

అయ్యా,

విషయం: తమరి సీరియల్లో ముసలి రాజు వెనక నిలబడి వింజామర వీచు స్త్రీ యొక్క మొహము ప్రసారములో కోయబడుట, సదరు స్త్రీ నా భార్య అగుట, కథలో రాజును చంపేలోపు సదరు మొహమును ఒక్కసారైనా జనానికి చూపించమని కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని విన్నవించుకొనునది ఏమనగా, నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. ‘పురస్కరించుకొని’ అనే మాట మా పై వాటాలో ఉండే గుమాస్తా ఇచ్చాడు. ‘సదరు’ కూడా ఆయనదే. తప్పుగా వాడి ఉంటే ఆయన్ని కోప్పడండి, ఆయనకి అలవాటే. మిగతా మాటలు నావి.

1. నేను రాజైన విధానము.

మీకు మనుషుల్ని తెచ్చిపెట్టే ఏజెంటు ఒకరోజు పంక్చరైన సైకిలు నడిపించుకుంటూ నా కొట్టుకి వచ్చాడు. నేను ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందా అని చూస్తుంటే, అతను నా మీసం వైపు చూస్తున్నాడు.

“తాతా, రాజుగా కూర్చుంటావా?” అన్నాడు.

“కూర్చోవడమే పనైతే ఎన్ని రాజ్యాలైనా ఏలతాను” అన్నాను.

అప్పుడే అన్నం క్యారియరు తెచ్చిన మా ఆవిడ ఊరుకోలేదు. “తీసుకెళ్ళు బాబూ. కూర్చోవడంలో ఈయనకున్న అనుభవం ఇంకెవరికీ ఉండదు. నేను పూచీ” అంది. ఏజెంటు నవ్వాడు. “నువ్వు కూడా రా అమ్మా. రాజుగారికి గాలి విసరడానికి మనిషి కావాలి” అన్నాడు.

“ఇంట్లో విసురుతున్నాగా, అక్కడికి కూడానా!” అని మూతి తిప్పింది. కానీ ఆ సాయంత్రమే అద్దం ముందు నిలబడి, ఖాళీ చేత్తో గాలి విసిరి చూసుకుంటుంటే నేను తలుపు సందులోంచి చూశాను. చూసినట్టు చెప్పలేదు. చెబితే రాననేది.

ఇద్దరం నా సైకిలు మీదే కోటకు వెళ్ళాము. రాజు తొక్కుతున్నాడు. దాసీ వెనక క్యారేజీ మీద కూర్చుని, గుంతలు చూసుకుని తొక్కమని రాజును తిడుతోంది. గేటు దగ్గర కాపలావాడు ఆపి “ఎవరు మీరు?” అన్నాడు. “రాజును” అన్నాను. “సైకిలు అక్కడ గోడకి పెట్టి రా” అన్నాడు.

2. తమరి వద్ద రాజులకు జరుగుచున్న అన్యాయములు.

ఇది నా సొంత ఫిర్యాదు కాదు, రాజులందరి తరఫున. వాళ్ళు రాయరు గనక నేను రాస్తున్నాను.

సినిమాల్లోనూ తమరి టీవీలోనూ రాజుకి ఒక్క పనీ ఉండదు. ఎదురుగా ముప్ఫైమంది నిలబడి ఉండగానే “ఎవరక్కడ?” అని అరుస్తాడు. చూపుకే ఏదో లోపం ఉన్నట్టుంది. స్తంభం వెనక దాక్కున్న గూఢచారి పొట్ట బయటికి కనిపిస్తూనే ఉంటుంది, సభలో ఒక్కడికీ కనపడడు. రాణిగారు నిద్రపోయేటప్పుడు కూడా నగలన్నీ మెడలోనే ఉంటాయి. గుచ్చుకోవా? మా ఆవిడ తలలో ఒక్క పిన్ను మర్చిపోయి పడుకుంటేనే సగం రాత్రి నన్ను తిడుతుంది.

చెడ్డ రాజైతే నవ్వాలి, అదీ ఊరికే, ఎందుకో తెలియకుండా. మంచి రాజు నవ్వకూడదు, కళ్ళు మాత్రం తడి చేసుకోవాలి. కుర్ర రాజైతే గుర్రం, కత్తి, పాట. ముసలి రాజైతే రెండే దారులు. ఒకటి మోసపోవడం, రెండు చచ్చిపోవడం. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకునేవాడు ఒక్కడుండడు. మందు వేసుకున్నారా అని అడిగే మనిషి ఉండదు. అన్ని వందల గదులున్న కోటలో రాజు దొడ్డికి వెళ్ళడం నేను ఇంతవరకూ చూడలేదు. మాకు షూటింగులో కూడా వెళ్ళనివ్వలేదు. అది వేరే అర్జీగా పెడతాను.

చిన్నప్పట్నుంచీ రాజుల సినిమాలంటే నాకు పిచ్చి. తెర ముందు కింద కూర్చుని, మెడ పైకెత్తి చూసేవాణ్ణి. ఒక మాట ఒప్పుకోవాలి అయ్యా. అన్ని సినిమాలు చూశానే, రాజుగారి వెనక నిలబడి విసిరే వాళ్ళ మొహం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. సభలో రాజు ఒక్కడే కూర్చుంటాడు, మిగతా జనమంతా పొద్దంతా నిలబడే ఉంటారు. నేను కూర్చున్నవాణ్ణే చూశాను. ఆ వెనక నిలబడ్డది ఎవరి పెళ్ళామో, ఎవరి తల్లో, కాళ్ళు ఎంత పీకుతున్నాయో అని ఏనాడూ అనుకోలేదు. టిక్కెట్టు కొన్నది రాజు కోసమేగా అనుకున్నాను.

3. సింహాసనము వగైరా.

సింహాసనం ఫంక్షన్ హాలు కుర్చీ. దానికి బంగారు రంగు కొట్టారు, ఆరలేదు. నా వెనకవైపు ఇప్పటికీ కొంత రాచరికం అంటుకునే ఉంది. కిరీటం అట్టది, జిగురు వాసన. నా మీసం చూసే కదా నన్ను తెచ్చింది, మళ్ళీ ఆ మీసం మీద ఇంకో మీసం అంటించారు. ఎందుకని అడిగితే “నీది మామూలు మనిషి మీసంలా ఉంది తాతా” అన్నాడు మేకప్పు మనిషి. ఇన్నాళ్ళూ దాన్ని నూనె రాసి పెంచినవాడి మనసు ఏమైపోవాలి?

ఇంతవరకూ సరదాకి రాశాను. ఇక అసలు విషయానికి వస్తున్నాను. నాలుగోది రాయడానికి రెండుసార్లు లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

4. సంఘటన.

ఆ రోజు సీను ఇది. మంత్రి వచ్చి శత్రువులు కోట చుట్టూ దిగారని చెబుతాడు. రాజు దిగులుగా చూసి చెయ్యి ఎత్తుతాడు. అంతే. నాకు మాటలు లేవు. మా ఆవిడ నా కుడి భుజం వెనక వింజామరతో నిలబడాలి. అది నైలాన్ తోక, పిడి మాత్రం ఇనుపది, మంచి బరువు. పైనుంచి లైట్ల వేడి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఒక స్టూలు ఇమ్మని అడిగాను. “రాజు పక్కన దాసీ కూర్చుంటుందా తాతా, ఎక్కడైనా చూశావా?” అన్నాడు తమరి అసిస్టెంటు డైరెక్టరు. నిజమే, నేనూ చూడలేదు.

మంత్రి వేషం వేసినాయనకి మాటలు నోటికి రాలేదు. తప్పినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి. ఆయన మర్చిపోవడం, ఈవిడ విసరడం. వెనక నుంచి సన్నగా మూలుగు వినపడింది. నొప్పి మరిపించడానికి నాకు తెలిసిన మందు ఒక్కటే, వేళాకోళం. పెదవులు కదపకుండా మొదలుపెట్టాను.

“ఏమే దాసీ, గాలి సరిగ్గా రావడం లేదు. రేపట్నుంచి నీకు కోటలో అన్నం బంద్.”

“ముందు కిరీటం సరిగ్గా పెట్టుకో రాజా. బిందె బోర్లించినట్టుంది” అని వెనక నుంచి జవాబు.

“మంత్రి చెప్పేది విన్నావా? శత్రువులు వచ్చారట. నిన్ను కప్పంగా ఇచ్చి పంపేద్దామనుకుంటున్నాను.”

“పంపు. నీకన్నా ఎవరైనా నయమే.”

“పంపేవాణ్ణే. శత్రువుల మీద జాలేసి ఆగాను.”

అంతే. పకపకా నవ్వింది. కోట మొత్తం వినపడేలా నవ్వింది. మా ఖర్మ ఏమిటంటే, మంత్రి అప్పుడే మొదటిసారి మాటలన్నీ తప్పు లేకుండా చెప్పాడు. ఆఖరి మాట దగ్గర నవ్వు పడింది.

అసిస్టెంటు పరిగెత్తుకొచ్చాడు. మా ఆవిడకి మనవడి వయసు ఉంటుంది.

“ఏయ్ ముసలమ్మా! ఇది మీ వీధి కుళాయి అనుకున్నావా? రాజు ఉన్న చోట పళ్ళు బయట పెడతావా? నిజంగా రాజుల కాలమైతే తల తీసేసేవాళ్ళు, తెలుసా?”

భటులు చూశారు. మంత్రి చూశాడు. టీ తెచ్చినవాడు కూడా గ్లాసులు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు.

“తప్పయింది బాబూ” అంది మా ఆవిడ.

అసిస్టెంటు కెమెరా వైపు తిరిగి చేత్తో చూపించాడు. “కిందికి దించండి. ఈమె తల నాకు వద్దు, చెయ్యి చాలు.”

అప్పుడు రాజుగారు ఏం చేశారని తమరు అడగవచ్చు. రాజుగారు కూర్చున్నారు. సినిమాల్లో అయితే రాజు లేచి, “ఆగండి! తప్పు నాది!” అంటాడు. సభ అంతా చప్పట్లు కొడుతుంది. నేను మీసం ఊడుతుందేమోనని మూతి కూడా కదపలేదు. మీసం సంగతి సాకే. లేచి మాట్లాడితే కిరీటం ఇంకో ముసలాడికి పెడతారని భయపడ్డాను. అట్ట కిరీటం అయ్యా. వానొస్తే మిగలదు. వీధి మొత్తానికి నోరు పారేసుకునే నేను, నా పెళ్ళాం నా తప్పుకి తిట్లు తింటుంటే దిగులు మొహం పెట్టి చెయ్యి ఎత్తాను. ఆ షాటు బాగా వచ్చిందన్నారు. టీవీలో తమరు చూసే ఉంటారు. ఆ దిగులు నటన కాదు.

5. ఈ నంబరు కింద రాసింది కొట్టేశాను. ఆ అసిస్టెంటును తిట్టాను. తిట్టాల్సింది నన్ను గనక కొట్టేశాను.

6. ప్రసారము రోజున జరిగినది.

మా ఆవిడ తల కోసేశారని మాకు తెలియదు. తల వద్దన్నది కోపంలో అన్న మాట, కాసేపటికి కెమెరా మళ్ళీ ఎత్తుతారు అనుకున్నాము. ఆవిడ వీధిలో అందరికీ చెప్పింది. కుళాయి దగ్గర చెప్పింది, ఇస్త్రీ కొట్టులో చెప్పింది, ఊళ్ళో ఉన్న వాళ్ళక్కకి ఫోను చేసి చెప్పింది. ఆ సాయంత్రం మంచి బట్టలు కట్టుకుంది. గుమాస్తా భార్య తన కుర్చీ తనే పైనుంచి మోసుకొచ్చింది. మా కోడలు గదిలో దుప్పటి పరిచింది. మనవరాలు టీవీకి ఆనుకుని కూర్చుంటే నలుగురూ కలిసి వెనక్కి లాగారు.

రాజు వచ్చాడు. అందరూ కేకలు. “మామయ్యా, నిజంగా రాజులాగే ఉన్నారు” అంది కోడలు. నా భుజం పక్కన ఒక చెయ్యి వచ్చింది. వింజామర పట్టుకున్న చెయ్యి. పైకి, కిందికి. పైకి, కిందికి. మోచేతి పైన ఏమీ లేదు. అందరూ మొహం కోసం చూశారు. మంత్రి మాట్లాడాడు, రాజు దిగులుపడ్డాడు, చెయ్యి విసిరింది, సీను అయిపోయింది.

మా ఆవిడే చెప్పింది.

“ఆ చెయ్యి నాదే. ఇదిగో, కాలిన మచ్చ కనపడిందా? ఇస్త్రీ పెట్టె తగిలింది చూడు, అదే.”

“చెయ్యి చాలా బాగా వచ్చింది పిన్నీ” అంది గుమాస్తా భార్య. మంచి మనిషే, ఇంకేమనాలో తెలియలేదు.

మనవరాలు తిరిగి చూసింది. “నానమ్మా, మరి నీ తల ఏది?”

“రాజుగారు తీసేయించారమ్మా” అంది మా ఆవిడ. నవ్వుతూనే అంది. నా వైపు మాత్రం చూడలేదు. నేను లేచి, సైకిలుకి తాళం వేశానో లేదో చూసొస్తానని బయటికి వెళ్ళాను. తాళం వేసే ఉంది. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

7. ప్రస్తుత పరిస్థితి.

ఆవిడ ఇప్పుడు కుళాయి దగ్గరికి జనం పలచబడ్డాక వెళుతోంది. వాళ్ళక్క ఫోను చేస్తే “టీవీ పాడైంది, మేమూ చూడలేదు” అని చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పడం నేను అంతకు ముందు వినలేదు. వీధి పిల్లలు ‘చెయ్యి నానమ్మ’ అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడం వాళ్ళకి నేర్పింది నేనే. నోరు మూయించడానికి నాకు మొహం లేదు.

అన్నిటికన్నా పెద్ద కష్టం వేరే ఉంది. నా వేళాకోళానికి ఇంట్లో నవ్వు రావడం లేదు. కూర మాడితే “శత్రువులు కోట తగలబెట్టారా?” అన్నాను. “ఊఁ” అంది. చొక్కా తిరగేసి తొడుక్కుని ఎదురుగా నిలబడ్డాను. “తిప్పి తొడుక్కో” అంది, అంతే. అయ్యా, నేను ఆస్తులు సంపాదించలేదు. పంక్చర్లు వేశాను, ఆవిణ్ణి నవ్వించాను. నా సంసారం ఈ రెండిటి మీదే నడిచింది. ఇప్పుడు పంక్చర్లే మిగిలాయి.

8. ప్రార్థన.

వచ్చే వారం కథలో నా తమ్ముడు నాకు పాలలో విషం కలిపి ఇస్తాడని ఏజెంటు చెప్పాడు. ఇచ్చుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ రాజు పోయాక విసిరే మనిషికి కోటలో పనేముంటుంది? ఆవిడకి ఇదే ఆఖరి అవకాశం. కాబట్టి నేను సింహాసనం మీంచి కింద పడేటప్పుడు, అందరికన్నా దగ్గరగా ఉండేది వింజామర మనిషే గనక, కెమెరాను కాస్త పైకెత్తి ఆవిడ మొహం చూపించమని వేడుకుంటున్నాను. దాసీలు ఏడవొచ్చని ఏజెంటు చెప్పాడు. ఆవిడ బాగా ఏడుస్తుంది. ఒక్క క్షణం చాలు. వీధిలో అందరికీ నేనే చెప్పుకుంటాను.

నా చావును తమరు ఎంత కురచ చేసినా ఫర్వాలేదు. దాంట్లోంచి కోసి ఆవిడకి ఇవ్వండి.

కావున తమరు కిరీటం మెరుపు చూసి మోసపోకుండా, దాని కింద తల ఎత్తుకోలేక కూర్చున్న ముసలాడి మొర దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వచ్చే వారం దాకా ముసలి రాజు,
ఆ తర్వాత ఎప్పటిలాగే సైకిళ్ళ తాత.

తా.క.: పోస్టు చేసేముందు దీన్ని మా ఆవిడకి చదివి వినిపించాను. చెప్పకుండా పంపడం కూడా ఇంకో రాచరికం అవుతుందేమో అనిపించింది. ఆవిడ మనవరాలి గౌను అంచు కుడుతూ వింది. నాలుగో నంబరు దగ్గర సూది ఆగింది, మళ్ళీ కదిలింది. అంతా అయ్యాక దారం కొరికి అడిగింది.

“అన్నీ బాగానే రాశావు. నన్ను ఏడిపించమని ఎందుకు అడిగావయ్యా?”

“మొహం కనపడుతుందని.”

“నవ్వితే తీసేసిన తల, ఏడిస్తే పెడతారా? అలా పెట్టిన తల నాకెందుకు?”

నేను అర్జీ కాగితాలు మడత పెట్టాను. ఆవిడ తలెత్తి చూసింది.

“అదీ కాక, నువ్వు చచ్చినట్టు పడుకుంటే నేను పక్కన నిలబడి చూడాలి. మళ్ళీ సరిగ్గా రాలేదని పదిసార్లు చావమంటారు. నా వల్ల కాదు. నేను రాను. ఆ తోక ఇంకెవరికైనా ఇచ్చుకోమను.”

“మరి కొట్టేయనా?”

“అర్జీ పంపు. అడిగిందే మార్చు.”

కాబట్టి అయ్యా, ఎనిమిదో నంబరు రద్దు. ఆవిడ రాదు. నేను మాటిచ్చాను గనక చావడానికి వస్తాను. అయితే పాలు తాగే ముందు కుర్చీలోంచి లేస్తాను. ఆ రోజు నవ్వించింది నేనని ఆ అసిస్టెంటుకి, భటులకి, మంత్రికి, టీ ఇచ్చేవాడికి వినపడేలా చెబుతాను. ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చి ఆవిడకి ఒక్క మాట చెబితే సంతోషం. రాకపోతే నేను చెయ్యగలిగింది లేదు. నేను చెప్పాల్సింది మాత్రం నేను ఇంట్లో చెప్పాను. “సరేలే, పడుకో” అంది. ఇంకా నవ్వలేదు.

కొత్త ప్రార్థన ఇది. ఆవిడ నవ్విన ముక్క తమరు పారేయకుండా ఎక్కడైనా ఉండి ఉంటే, దాన్ని టీవీలో వెయ్యక్కర్లేదు. జనం చూడక్కర్లేదు. తమరి ఆఫీసులో ఏదో ఒక మూల నన్ను నిలబెట్టి ఒక్కసారి చూపించండి. ఆవిడ అంత గట్టిగా నవ్వి చాలా కాలమైంది. నాకు వినపడింది కానీ, నేను అప్పుడు మంత్రి వైపు చూస్తూ కూర్చున్నాను.